లోపలి అతుకు

"ముద్ర ఇస్తావా, ఇవ్వవా?"

పొద్దుటి నుంచి బావగారు ఆ మాట అడగడం అది అయిదోసారి. మొదటి నాలుగుసార్లూ గుమ్మం బయటే నిలబడి అడిగాడు. ఈసారి వంటగదిలోకే వచ్చేశాడు.

చిన్నకోడలు తోముతున్న గిన్నె మీంచి చూపు ఎత్తలేదు.

"ఇవ్వను."

"పదకొండింటికి వ్యాను వస్తుంది."

"రానివ్వండి. గేటు తీసే ఉంటుంది."

"వచ్చిన వ్యానుని ఖాళీగా పంపమంటావా?"

"ఖాళీగా ఎందుకు? ముప్పై ఒక్క టీలు బాగున్నాయి, ఎక్కించండి. మిగతా పదిహేడూ ఇక్కణ్ణుంచి కదలవు."

ఆ ఇంట్లో టీ అంటే రెండు. ఒకటి పొయ్యి మీద మరిగేది. రెండోది పెరటి అవతల షెడ్డులో తయారయ్యేది. మూడు మూతులున్న స్టీలు గొట్టం ముక్క, పక్క నుంచి చూస్తే ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. ఇంజెక్షన్ మందు తయారుచేసే ఫ్యాక్టరీలో, మందు ఒక గొట్టంలోంచి రెండుగా చీలే చోట దాన్ని బిగిస్తారు. ఆ ఇంటివాళ్ళు పదిహేనేళ్ళుగా అలాంటి టీలూ, మలుపు గొట్టాలూ, బిగింపు రింగులూ చేసి బతుకుతున్నారు.

ముద్ర అంటే చూపుడు వేలంత ఉక్కు ముక్క. దాని కొస మీద ఒక చిన్న గుర్తు. ముక్కని లోపలా బయటా పరీక్షించాక, అంచు మీద దాన్ని ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. ఆ గుర్తు లేని ముక్కని ఫ్యాక్టరీ వాళ్ళు గుమ్మంలోనే ఆపేస్తారు. రెండేళ్ళ కిందట మామగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టినప్పుడు, ఆయనే ఆ ముద్రని కోడలి చేతిలో పెట్టాడు. "చూడకుండా కొట్టకు. చూసి నచ్చకపోతే నేను చెప్పినా కొట్టకు," అన్నాడు.

నిన్న మధ్యాహ్నం నుంచి దానికోసం ఇల్లంతా గాలించారు. పప్పుల డబ్బాలు వంచారు. దిండు గలీబులు తిరగేశారు. అది ఆమె ఒంటి మీదున్న, షెడ్డులో వేసుకునే నీలం కోటు లోపలి జేబులోనే ఉంది. రాత్రికల్లా ఆ సంగతి అందరికీ అర్థమైపోయింది. జేబులో చెయ్యి పెట్టే ధైర్యమే ఎవరికీ లేదు.

బావగారు పొయ్యి గట్టు మీద ఒక టీని టక్కున పెట్టాడు. కిటికీలోంచి పడ్డ ఎండ దాని మీద పడి గోడంతా మెరిసింది.

"చూడు. ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఇలాంటి ముక్కకి వంక పెడుతున్నావు నువ్వు!"

"మందు దాని మీంచి పోదు బావగారూ. లోపల్నించి పోతుంది."

"లోపల మాత్రం ఏమైంది? వెంట్రుకంత సందు. భూతద్దం పెడితే గానీ కనపడదు."

"క్రిమికి భూతద్దం అక్కర్లేదు. ఆ సందులో దూరి కూర్చుంటే, గొట్టాల లైనుకి ఎంత ఆవిరి పట్టించినా చావదు. రేపు ఎవరి నరంలోకి ఎక్కుతుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పైన పటారం..."

"లోన లొటారం," అంది మూల కూర్చుని కూర తరుగుతున్న అత్తగారు, నోటికి అలవాటైన మాట కాబట్టి అప్రయత్నంగా.

"అమ్మా! నువ్వు కూడానా?"

"నేనేమన్నానురా. సామెత పూర్తి చేశానంతే," అని ఆవిడ మళ్ళీ కత్తిపీట మీదికి వంగింది.

బావగారు గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు. తండ్రి మంచాన పడ్డ ఏడాది షెడ్డుని ఒంటిచేత్తో నడిపాడు. ఆ ఏడాదే ఆయన జుట్టు సగం తెల్లబడింది.

"ఇదిగో అమ్మాయ్, కోపంతో కాదు, అడుగుతున్నాను. వాళ్ళు కొత్త లైను వేస్తున్నారు. సోమవారం బిగింపు మొదలు. నలభై ఎనిమిదీ ఉంటేనే పని జరుగుతుంది. ముప్పై ఒకటి ఇస్తే నెత్తిన పెట్టుకుంటారా? ఈ ఫ్యాక్టరీ మన చెయ్యి వదిలేస్తే షెడ్డులో ఉన్న పదకొండు మందికీ ఏం పని చెప్పను? తలుపులకి గొళ్ళాలు చేయించనా?"

"మామయ్య మొదట్లో గొళ్ళాలే చేశారటగా. ఊడిపోయిందని ఒక్కరూ తిరిగి రాలేదట."

బావగారి ముఖం నల్లబడింది.

"ఉక్కు పనివాళ్ళ ఇంట్లో ఉక్కు ముక్కకి కరువా? గంటలో ఇంకో ముద్ర కోయించుకుంటాను."

"కోయించుకోండి. దాన్ని పట్టుకుని అబద్ధం కొట్టే చెయ్యి కూడా వెతుక్కోండి. నాది మాత్రం రాదు."

ఆయన టీని చంకలో ఇరికించుకుని విసురుగా వెళ్ళిపోయాడు. కత్తిపీట చప్పుడు ఆగింది. అత్తగారు ఏదైనా అంటుందేమోనని చిన్నకోడలు ఎదురుచూసింది. ఆవిడ తరిగిన ముక్కల్నే మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

* * *

తోటికోడలు షెడ్డు ఆఫీసులో కాగితాలు చూస్తుంది. ఏ ముక్క ఏ స్టీలుతో చేసిందో, ఎవరు అతికారో, ఎవరు పరీక్షించారో అన్నీ టైపు చేసి ముక్కలతో పాటు పంపేది ఆవిడే. పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర చిన్నకోడల్ని పట్టుకుంది. తోటికోడళ్ళయినా ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలాగే పిలుచుకుంటారు, పోట్లాడుకుంటారు కూడా.

"నీకు పంతం ఎక్కువని తెలుసు. తెలివి తక్కువని ఇవాళే తెలిసింది," అంది ఆవిడ.

"ఏం చేశానక్కా?"

"ఆ పదిహేడింటి మీదా అతికినవాళ్ళ నంబరు ఎంతో చూశావా?"

"రెండు."

"రెండంటే ఎవరు?"

చిన్నకోడలు తడిచెయ్యి కోటుకి తుడుచుకుంది. "మా ఆయన."

"హమ్మయ్య, గుర్తుందన్నమాట! షెడ్డులో వాళ్ళు నిన్ను దుర్భిణమ్మా అని పిలుస్తుంటే మురిసిపోతున్నావు. ఎవరి కంటికీ కనపడని తప్పు నీకు కనపడుతుంది, నిజమే. కానీ కట్టుకున్నవాడి తప్పు వెతికి పట్టుకుని ఊరందరికీ చూపించే పెళ్ళాన్ని నిన్నే చూశాను. ఈ షెడ్డుకి పేరొచ్చిందే మరిది చేతిపని వల్ల. రేపు కాగితం మీద రెండో నంబరు పనికిరాదని పడితే, ఆయన తలెత్తుకుని తిరుగుతాడా?"

"తప్పు ఉన్నది అతుకులో అక్కా. నేను మనిషినేమీ అనలేదు."

"వినేవాళ్ళకి రెండూ ఒకటే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా?"

చిన్నకోడలు కాసేపు తీగ మీద ఊగుతున్న చొక్కా వైపు చూసింది. అది ఆయనదే. రెండు చేతుల మీదా నిప్పురవ్వలు పడి చిల్లులు.

"కడుపు చించనులే," అంది. "టీని చించుతాను. అప్పుడు అందరం ఒకటే చూస్తాం."

"ఏయ్, ఆగు! ఎక్కడికి?"

ఆమె అప్పటికే షెడ్డు వైపు నడుస్తోంది. అడుగులు గట్టిగా పడుతున్నాయి.

* * *

షెడ్డులో రంపం యంత్రం ఆన్ చేసేసరికి మిగతా చప్పుళ్ళన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. పూర్తయిన టీని కోయడం ఆ షెడ్డులో ఎవరూ ఎరగరు. పాలిష్ పట్టేవాడు ముఖానికున్న గుడ్డ కిందికి లాగాడు. గొట్టాలు కోసే ఇద్దరూ చేతులు కట్టుకుని దగ్గరికి వచ్చారు.

పదిహేడింటిలోంచి ఒకదాన్ని తీసి, రంపానికి బిగించి, నిలువునా రెండు బద్దలు చేసింది. అంచులు ఆకురాయితో రుద్ది, రెండు బద్దల్నీ తీసుకెళ్ళి తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న మామగారి ఒళ్ళో పెట్టింది.

ఆ కుర్చీ ఆయన పని మానినా అక్కణ్ణుంచి కదల్లేదు. రోజూ పొద్దున్నే వచ్చి అందులో కూర్చుంటాడు. షెడ్డులో అందరికీ ఆయన పెద్దాయనే.

"చూడండి మామయ్యా."

పెద్దాయన ఎడమచేత్తో ఒక బద్ద అందుకున్నాడు. కళ్ళతో చూడలేదు. బొటనవేలి గోరు లోపలి అతుకు మీద పెట్టి మెల్లగా లాగాడు. నున్నగా జారుతున్న గోరు ఒక చోట టిక్కుమని ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

షెడ్డంతా ఆ చిన్న చప్పుడు వింది.

"పైన కలిసింది. లోపల కలవలేదు," అన్నాడు. "ఎవరిదిది?"

 అప్పుడు వెనకాల బల్ల దగ్గర్నుంచి చిన్నకొడుకు ముందుకొచ్చాడు. వెల్డింగు ముసుగు నెత్తి మీదికి తోసుకుని ఉంది.

"నాదే నాన్నా. ఆ రోజు గ్యాసు సిలిండరు అడుగుకొచ్చింది. చూసుకోలేదు."

"ఇంకేం మరి!" బావగారు ఆ మాటని గాల్లోనే అందుకున్నాడు. "విన్నారుగా? గ్యాసు తప్పు. మనిషి తప్పు కాదు. కొత్త సిలిండరు పెట్టించి, ఆ పదహారింటికీ ఇంకోసారి వేడి చూపిస్తే సరి. వ్యాను వాణ్ణి గంట ఆపుతాను."

"ఫ్యాక్టరీ వాళ్ళని అడగకుండా అతికినదాన్ని మళ్ళీ అతకకూడదు. ఆ షరతు మీద సంతకం పెట్టింది మీరే," అంది చిన్నకోడలు.

"అడుగుతాను. ఫోన్లోనే అడుగుతాను. తృప్తేనా?"

పెద్దాయన బద్దని ఒళ్ళోనే ఉంచుకుని చిన్నకొడుకు ముఖం వైపు చూస్తున్నాడు. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

చిన్నకోడలికి ఏదో తేడాగా అనిపించింది. నిన్న పదిహేడు ముక్కల్లోనూ గొట్టం కెమెరా దూర్చి ఒక్కొక్క అతుకూ చుట్టూ చూసింది తనే. చూసిందంతా ఇప్పుడు మళ్ళీ కళ్ళముందు తిరిగింది. అందరి ముందూ నోరు తెరవబోయి ఆగింది.

"మీరొకసారి ఇలా రండి," అంది భర్తతో, మామూలు గొంతుతో. వెనక్కి చూడకుండా పాలిష్ గదిలోకి నడిచింది.

* * *

పాలిష్ గదిలో చక్రం ఆగి ఉంది. గోడల మీదా కిటికీ ఊచల మీదా బూడిదరంగు దుమ్ము. ఆమె తలుపు దగ్గరికి వేసింది. నలుగురిలో ఉన్నప్పుడు ఆయన్ని మీరు అంటుంది. తలుపు వేస్తే నువ్వే.

"గ్యాసా?"

అతను చేతి తొడుగులు ఊడదీసుకుంటున్నాడు.

"అతుకు మాడకుండా పట్టే గ్యాసు తగ్గితే లోపల ఎలా ఉంటుందో నాకు నేర్పింది నువ్వే. మాడిన పాకంలా నల్లగా పొక్కుతుంది అన్నావు. ఈ పదిహేడింట్లో ఒక్కటీ నల్లబడలేదు. శుభ్రంగా ఉన్నాయి. అతుకు దారి తప్పిందంతే."

"చెయ్యి జారి ఉంటుంది."

"పదిహేడుసార్లా? పదిహేడుసార్లూ ఒకే చోటా? గొట్టం చుట్టుని గడియారం అనుకుంటే, ఏడు దగ్గర మొదలై తొమ్మిది దాకా. ప్రతి దానికీ అక్కడే. నువ్వు గొట్టం తిప్పవు, చుట్టూ నీ చెయ్యే తిప్పుతావు. ఏడు నుంచి తొమ్మిది అంటే నీకు ఎడమ పక్క."

అతను నెత్తి మీది ముసుగు తీసి బల్ల మీద పెట్టాడు. దాని పట్టీ సర్దడం మొదలుపెట్టాడు.

"కుడికన్ను మూసుకో," అంది ఆమె.

"ఇప్పుడీ ఆటలెందుకు?"

"మూసుకో అన్నాను."

మూసుకున్నాడు. ఆమె కోటు లోపలి జేబులోంచి ముద్ర తీసి అరచేతిలో పెట్టి, అతని ముఖానికి మూరెడు దూరంలో పట్టుకుంది.

"ఏముంది?"

"నీ చెయ్యి ఉంది."

"చేతిలో?"

అతను కొంచెం ముందుకు వంగాడు. ఇంకొంచెం వంగాడు.

"తెలీదు," అన్నాడు.

నిన్నటి నుంచి ఇల్లంతా కొట్టుకు ఛస్తున్న వస్తువు అతని ముక్కు ముందే ఉంది. ఆమె వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

"ఎప్పటి నుంచి?"

"ఎనిమిది నెలలయింది. మొదట మంచు పట్టినట్టు ఉండేది. ఒకటో రెండో తప్పేవి. నువ్వు పక్కన పెట్టేదానివి, నేను కొత్తవి చేసేవాణ్ణి. ఈ నెల్లోనే మరీ... ఏది ఎంత దూరంలో ఉందో తెలియట్లేదు."

"ఎనిమిది నెలలు! ఒక మంచం మీద పడుకుంటూ ఎనిమిది నెలలు నాకు చెప్పలేదా?"

"చెబితే ఏం చేస్తావు? వెల్డింగు బల్ల మీంచి లేపేస్తావు."

"లేపేస్తాను! లేపకుండా ముద్దు పెట్టుకుంటానా?"

అతనికి నవ్వు రాబోయి ఆగింది.

"డాక్టరు దగ్గరికి వెళ్ళాను," అన్నాడు. "పొర అన్నాడు. కోసి తీసేయొచ్చట. రెండు నెలలు మంట ముఖం చూడకూడదన్నాడు. తీస్తే మునుపటి చూపే వస్తుందని రాసిస్తారా అని అడిగాను. నవ్వి, అలా ఎవరూ రాసివ్వరయ్యా అన్నాడు. లేచి వచ్చేశాను."

"ఆయన రాసివ్వడు. మనం రాసిస్తున్నాం కదా! ప్రతి ముక్కకీ, ఇది నిలుస్తుంది అని ముద్ర కొట్టి మరీ రాసిస్తున్నాం కదా!"

అతను గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. దుమ్ము చొక్కాకి అంటుకుంది.

"నాన్న చెయ్యి పోయింది. నా కన్ను కూడా పోయిందని తెలిస్తే ఈ షెడ్డులో ఇంకేం మిగిలింది? అన్నయ్యకి లెక్క తెలుసు, పని తెలీదు. ఒక్క రెండు నెలలు. ఈ కొత్త లైను గట్టెక్కనీ. తర్వాత కోయించుకుంటాను. అప్పటిదాకా గ్యాసు అని చెప్పు. అంతే నేనడిగేది."

ఆమె అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. అతని ఎడమకన్ను ఆమెనే చూస్తున్నట్టుంది. ఎనిమిది నెలలుగా అలాగే చూస్తున్నట్టుంది. ఆ కంటిని ఎన్నిసార్లు చూసి నమ్మిందో తలుచుకుంటే ఒళ్ళు మండింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేసింది.

"విను. నీ కన్ను సంగతి నేను ఎవరికీ చెప్పను. అది నీది. చెబితే నీ నోటితో నువ్వే చెప్పాలి. కానీ గ్యాసని నా నోటితో నేను చెప్పను. నీ కోసం కూడా చెప్పను. ఆ పదిహేడూ వ్యాను ఎక్కవు."

"మరి నన్ను ఏం చెయ్యమంటావు?"

"అది నేను చెబితే చేసే వయసా నీది?"

లేచి కోటు దులుపుకుంది. తలుపు తీస్తుంటే వెనక నుంచి అతను ఏదో అన్నాడు. అడుగుదామనుకుంది. అంతలో ఆఫీసులోంచి బావగారి కేక వినపడింది.

* * *

బావగారు ఫోనుని గుండెకి అదుముకుని నిలబడ్డాడు, అవతలివాళ్ళకి వినపడకుండా. తోటికోడలు కాగితాల మధ్య కూర్చుని గోళ్ళు కొరుకుతోంది. పెద్దాయన కర్ర పోటు వేసుకుంటూ వచ్చి బల్ల పక్క కుర్చీలో కూలబడ్డాడు. అత్తగారు కూడా, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, పెరటి గుమ్మంలో నిలబడింది.

"ఫ్యాక్టరీ మేడం. మళ్ళీ అతుకుతామని అడిగితే, పరీక్షించిన మనిషితోనే మాట్లాడతానంటోంది," అన్నాడు బావగారు గుసగుసగా. "గ్యాసు తగ్గింది, సరి చేసి ముద్ర కొడతాం అను. రెండు ముక్కల్లో తేల్చెయ్. పదకొండు మంది, గుర్తుపెట్టుకో."

ఆమె ఫోను అందుకుని స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. బావగారు నొక్కకు అన్నట్టు చెయ్యి చాచాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"నమస్తే మేడం. పరీక్షించేది నేనే. నలభై ఎనిమిదిలో పదిహేడు పనికిరావు. లోపలి అతుకు కలవలేదు. గ్యాసు వల్ల కాదు. నా ముద్ర లేని ముక్క ఒక్కటి వచ్చినా తీసుకోకండి."

బావగారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఫోనులో కొంతసేపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తర్వాత ఆ గొంతు, తొందర లేని గొంతు, మాట్లాడింది.

"చెప్పడం మంచిదయిందమ్మా. మేం ఇక్కడ పట్టుకుని ఉంటే ఇంకోలా ఉండేది. పదిహేడూ ఒకరి చేతివేనా?"

"ఒకరివే. రెండో నంబరు."

"అయితే ఇంకోటి అడుగుతాను. రెండో నంబరు అతికినవి ఈ ఏడాదిలో మాకు చాలా వచ్చాయి. అన్నీ మీరు లోపల చూసే ముద్ర కొట్టారా?"

"చూడకుండా ఒక్కటీ కొట్టలేదండీ."

"నాలుగు నెలల కిందట వరసగా రెండు పెట్టెలు వచ్చాయి. తేదీలు చదువుతాను, వినండి."

చదివింది. రెండో తేదీ వినపడేసరికి చిన్నకోడలి చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. ఆ రోజుల్లో ఆమె ఇక్కడ లేదు. వాళ్ళమ్మకి ఆపరేషనయితే ఆసుపత్రి మంచం పక్కన ఆరు వారాలు ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు ముద్రని నీలం గుడ్డలో చుట్టి మామగారి చేతికి ఇచ్చి వెళ్ళింది.

తల తిప్పి పెద్దాయన వైపు చూసింది. ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో నొక్కిపట్టుకుని ఉన్నాడు.

"ఏమ్మా? అవి కూడా మీరే చూశారు కదా?"

ఒక్క అవును చాలు. బావగారి పెదవులు చప్పుడు లేకుండా అదే అంటున్నాయి. అవునను, అవునను. తోటికోడలు కూడా కళ్ళతో బతిమాలుతోంది. ఆ ఒక్క మాట అంటే పెద్దాయన పేరు బయటికి రాదు. రెండు పెట్టెలూ ఆమె లెక్కలోకి వెళ్ళిపోతాయి.

"ఆ ఆరు వారాలూ నేను ఊళ్ళో లేనండీ," అంది ఆమె.

"మరి ముద్ర ఉందే! ఎవరు కొట్టారు?"

 అత్తగారు గుమ్మంలోంచి, "అమ్మాయ్, ఫోను పెట్టెయ్," అంది. ఆ రోజంతటికీ ఆవిడ గట్టిగా అన్న మాట అదొక్కటే.

"ఇటివ్వు," అన్నాడు పెద్దాయన.

"నాన్నా, మీకెందుకు ఇప్పుడు..." అన్నాడు బావగారు.

"ఇటివ్వమన్నానా!"

ఫోను ఆయన కుడిచేతికే వచ్చింది. ఆ చేతిలో అది వణుకుతూ ఉంది.

"కొట్టింది నేనమ్మా. కెమెరా పట్టుకుంటే చెయ్యి ఊగింది, బొమ్మ ఊగింది. మూడు ముక్కలు చూశాను. నాలుగోదానికి, నా కొడుకు అతుకు, దీన్ని చూసేదేముంది అనుకున్నాను. చూడలేదు. మిగతావన్నీ చూడకుండానే కొట్టాను."

"ఎన్ని?"

"రెండు పెట్టెలూ."

అవతల గొంతులో మొదటిసారి తొట్రుపాటు వినిపించింది. "అవి ఇప్పుడు నడుస్తున్న లైనులోనే ఉన్నాయండీ. మందు పోతోంది."

"అయితే ఆపండి. ఏం చూస్తున్నారు? లైను ఆపి, ఆ ముక్కలన్నీ ఊడదీసి లోపల చూడండి. తప్పు తేలితే నా పేరే రాసుకోండి."

బావగారు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. తోటికోడలు లేచి వెళ్ళి పక్కన నిలబడింది, ఏం చెయ్యాలో తోచక ఆయన చొక్కా చేతిని పట్టుకుంది.

"ఆపిస్తాను. కానీ ఆపాలంటే నేను కారణం రాయాలి," అంది ఫోనులో మేడం. "చూడకుండా ముద్ర పడిందని రాస్తాను, సరే. కానీ ఇంత మంచి చేతికి ఒకే చోట తప్పు ఎందుకు వస్తోందో తెలిస్తేనే, మేం ఎన్ని ముక్కలు ఊడదియ్యాలో తెలుస్తుంది. ఆ రెండో నంబరు మనిషికి ఏమైంది?"

పెద్దాయన కోడలి వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. నోరూ విప్పలేదు.

"నన్నడగండి, నేను చెబుతాను."

గుమ్మం దగ్గర చిన్నకొడుకు నిలబడి ఉన్నాడు. చొక్కా వీపంతా పాలిష్ దుమ్ము. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. నాలుగడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చి, తండ్రి చేతిలోని ఫోను కోసం చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి ఫోనుకి బెత్తెడు ఇవతలే మూసుకుంది.

ఫోను వణుకుతోంది కాబట్టి తప్పిందని అందరూ అనుకుని ఉండేవాళ్ళే. పెద్దాయన ఆ కుడిచేతికి ఎడమచేతిని కూడా ఆసరా ఇచ్చి, ఫోనుని కదలకుండా బిగించి పట్టుకున్నాడు. చిన్నకొడుకు మళ్ళీ చెయ్యి చాచాడు.

మళ్ళీ గాలినే పట్టుకున్నాడు.

అత్తగారి నోట్లోంచి ఒక సన్నటి కేక వచ్చి సగంలో ఆగింది. పెద్దాయన ఆ ఖాళీ పిడికిలి వైపు చూశాడు. అక్కణ్ణుంచి మెల్లగా, చాలా మెల్లగా కొడుకు ఎడమకంటి వైపు చూపు తిప్పాడు.

"ఎవరు?" అంటోంది ఫోనులో గొంతు. "ఎవరండీ మాట్లాడుతున్నది?"